బూట్లేసుకుని థింసా ఆడిన రాజులమ్మత్త

'కొర్రసేనులోన పిట్ట వాలె, ఓ పిల్లా... పిట్ట కాలికి...' ఆ తర్వాత ఏటో ఉంది, నోటి దాకా వొచ్చి ఆగిపోతంది. ఈ పాట మా రాజులమ్మత్త అందుకుంటే గానీ సాగేది కాదు. మీ తాతకి అమ్మ, నాకు అత్త. ఏటే గుంటా, ఆ సేతిలోది ఏటి? నల్లజీడి పిక్కా? కాల్సి మడాల పగుళ్ళకి అంటిస్తే మూసుకుపోతాయని ఫోన్లో సెప్పారా? కింద పెట్టేయ్. ఇలా కూకో. ఆవిడకీ అదే అలవాటు. పిక్కని సూదికి గుచ్చి, దీపం మీద కాల్సి, మడమకి అంటించేది. ఇంకొకరైతే సురుక్కుమని ఎగిరిపోదురు. ఆవిడ నవ్వుకుంటా కూకునేది. 'రాజులమ్మవి కాళ్ళు కావు, గునపాలు' అనేది ఊరంతా. నాకూ గొప్పగానే ఉండేది. నొప్పి తెలీకపోతే కాలు గట్టిదని గదా అప్పట్లో మా అందరి నమ్మకం.

కాల్సిన సోటే పుండయింది. పాదం పొడుగునా పాకింది. నొప్పి లేదు గదాని పసుపు రాసుకుని కాఫీ పళ్ళ ఏరుడుకి పోయింది. వాసనొచ్చాక మీ తాత పాడేరు జీపెక్కించాడు. అక్కడ డాక్టరమ్మ సూది పట్టుకుని, 'తెలుస్తోందా అమ్మా?' అంటే, 'ముందు గుచ్చు, సెప్తాను' అంది ఈవిడ. అప్పటికే గుచ్చేసిందమ్మా ఆ తల్లి. సుగరంట, నరాలు సచ్చిపోయాయంట. బొటనేలు తీసేశారు. వొట్టికాళ్ళతో అడుగెయ్యొద్దు, ఇంకో పుండు పడితే కాలే పోద్దన్నారు.

మరి సైత్రంలో ఇటుకల పండగకి థింసాలో ముందు నిలబడి వరస నడిపేది ఆవిడే గదా. అమ్మోరి ముందు సెప్పులతో ఎవరాడతారు? ఇంక ఆడదనుకున్నాం. ఆ రోజు సూస్తే నల్ల కేన్వాసు బూట్లు, మేజోళ్ళు, ఆటి మీద అందెలు. పూజారి పైడయ్య, 'ఏటి వొదినా, పోలీసుల్లో సేరిపోయావా?' అన్నాడు. 'సేరాను మరిదీ, ముందు నీ సారా బుడ్డే పట్టుకుంటాను' అంది. అందరూ నవ్వేరు. ఆవిడ నవ్వలేదు. 'కాలు పోతే అమ్మోరికి ఎవరాడతారు, నువ్వా?' అంది. పైడయ్య డప్పు అందుకున్నాడు. ఆ బూట్లతో ఎలాగ తిప్పిందే వరసని, కుర్ర గుంటలు రొప్పీవోరు. మా అత్తే అని పక్కూరోళ్ళకి నేనే సూపించాను.

మంచం పట్టేదాకా రెండు కాళ్ళ మీదే నడిసింది మరి. రోజూ నా సేత అరికాళ్ళు సూపించుకునేది. నీళ్ళ యేడి నేను సెయ్యెట్టి సూసాకే కాళ్ళెట్టేది. కాలేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడవాలి. ఆఖర్న మంచం పట్టాక మాట కష్టంగా వొచ్చేది. నేను ఆవిడ కాళ్ళు తుడుస్తంటే నా మడాల కేసి సూసి అంది గదా, 'నాయి సరే, నీయి సూసుకున్నావేటే? ఇలా సాపు.'