ఎర్రబండ గుట్ట తరకరడి

“అవ్వా, మీ ఊరి గుట్టలో తరకరడి ఉండేదంట గదా. నువ్వు చూసినావని అమ్మ చెప్పింది. నాకు కాలేజీలో రాసేదానికి కావల్ల. చెప్పవా?”

చూసినా మే. చూసినా అంటే... ఉండు, ఆ సెనక్కాయల చాట ఇట్ల జరుపు. ఒలుచుకుంటా చెప్తా. చేతులు ఊరికే ఉంటే నాకు మాట రాదు. నా మాటలు పట్టుకునే ఆ మిషన్ పనిచేస్తాండాదా? సరే.

నిన్న నీ పుస్తకంలో ఒక బొమ్మ చూపిస్తివి గదా, అమెరికాలోదని, మొగం మింద తెల్లగీత ఉండేది. అది మనది గాదు. దానికి దూరం చుట్టం అని నువ్వే అంటివి. అది గడ్డి బీళ్ళలో ఉంటాదని, మట్టి మెత్తగుండే తావు చూసి బొరియ తవ్వుకుంటాదని, ఎలకల్ని తవ్వి తింటాదని చదివితివి. మనదీ అదే బతుకే, కాకపోతే మనకు మెత్తటి మట్టి యాడుండాది? అందుకని మనది వంక గట్లు చూసుకుంటాది. బండరాయి కింద సందు చూసుకుంటాది. మింద దుప్పటి కప్పినట్ల బూడిద తెలుపు, కిందంతా నలుపు, పొట్టి కాళ్ళు. కన్నడమోళ్ళు తరకరడి అంటారు, మేమూ అదే అంటాము. సాయిబులు బిజ్జు అంటారు, నీ పుస్తకంలో హనీ బ్యాడ్జర్ అని ఉండాదంటివి. తేనె తింటాది, ఎలకలు, తేళ్ళు, పాములు, ఏది దొరికితే అది తింటాది.

నాకిదంతా మా నాయన చెప్పినాడు. మా పుట్టిల్లు గోరంట్ల పక్క గదా. భూమీ ఉండె, గొర్రెలూ ఉండె మాకు. ఎనభై... కాదు, మా అన్న పెండ్లికి ముందు నూరు ఉండె. మా నాయన గొర్రెలెంట పోతే నేనూ పోతాంటి. అప్పుడు గోరంట్ల నుంచి బస్సు చార్జీ ముప్పావలా, అయినా బస్సెక్కింది లేదులే, అంతా నడకే. మా ఊరి వంక గట్లలో రెండుండె. పెనుకొండ కొండెనకాల ఉండాయని గొర్లోళ్ళు చెప్తాండ్రి. కదిరి పక్క అడివిలో ఇంకా జాస్తి అని మా నాయన మాట. ఏటి ఇసకలో నేనే చూసినా దాని అడుగులు. నన్ను ఇట్ల కూసోబెట్టి మా నాయన ఏలు పెట్టి చూపిచ్చె: “చూడు పాపా, కుక్కదయితే కాలికి నాలుగేళ్ళు. దీనిది అయిదు. ముందర కాళ్ళ గోర్లు చూడు, ఏళ్ళకు ఎంత దూరంలో గుచ్చుకుండాయో.” అప్పటి నుంచి నేను ఏ అడుగు చూసినా లెక్క పెట్టకుండా దాటను.

ఈ ఊరికి కోడలుగా వచ్చినాక ఎర్రబండ గుట్టలో ఒకటుండె. ఒకటే. నేను గడ్డికి పోయినప్పుడు రెండుసార్లు చూసినా. మనిషిని చూస్తే పరిగెత్తదు మే అది. నిలబడి చూస్తాది, దాని పని మింద అది పోతాది. నేనెవురికీ చెప్పల్యా. చెప్తే చంపుతారు, యాలంటే అది శవాల్ని తవ్వుతాదని మనోళ్ళకు ఒక నమ్మకం. మా నాయన మటుకు, “నేను బతికినన్నాళ్ళు అట్ల చూడల్యా” అంటాండె.

ఇంగ మీ తాత సంగతి చెప్పల్ల. చెప్పకుంటే ఇది అర్థం కాదు.

నువ్వింకా పుట్టలేదు. మీయమ్మ ఏడో తరగతి. వరసగా వానల్లేవు. సెనక్కాయ విత్తనం వేస్తే మొలక రాదు, వస్తే ఎండిపాయ. ఊర్లో అందరూ బోర్లు వేస్తాండ్రి. మేమూ రెండు వేస్తిమి, రెండిట్లోనూ దుమ్ము లేసె. మీ తాత చెప్పినాడు, “ఇంగ బోరొద్దు. మా తాత తవ్విన బాయి ఉండాది, ఇంకో రెండు మట్లు దింపితే నీళ్ళు తగలతాయి” అని. మట్టు అంటే మనిషి నిలువు. ఆయనా, ఆయన తమ్ముడు సుబ్బరాయుడూ, ఇద్దరే దిగినారు. కూలోళ్ళను పెట్టుకునే స్థితి లేదు. కర్రోడు గట్టు మింద పండుకోని కాపలా. కర్రోడంటే మా కుక్క. మీ తాత పెంచినాడు. పిల్లప్పుడు ఎద్దులబండి చక్రం కింద పడి ముందర ఎడమకాలి ఏలొకటి పోయిండె దానికి. ఆయన యాడికి పోతే ఆడికి పోయేది.

పదకొండో దినము పడమటి గోడ కూలె. సుబ్బరాయుడు అప్పుడే తట్ట తీసుకోని పైకి వచ్చినాడు. మీ తాత కిందుండాడు.

ఊరంతా వచ్చి మట్టి తీసినారు. సాయంత్రానికి బయటికి తెచ్చిరి. మొగం మటుకు ఏమీ కాల్యా. పండుకున్నట్లుండె.

మా చేన్లోనే, తూరుపు మూల పూడ్చినారు. అయితే ఆ ఏడు నేల ఎట్లుండాదనుకుంటివి? గడ్డపార వేస్తే ఖణేలుమంటాది. నలుగురు మొగోళ్ళు తవ్వినా నడుం లోతు గూడా రాల్యా. చాల్లే అనిరి. పైన రాళ్ళు పేర్చల్ల, కంప కొట్టి వేయల్ల. అది సుబ్బరాయుడు చేయల్ల. “రేపు పొద్దున చేస్తా వదినా” అనె. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతా జరం వచ్చి పడుకున్నాడు. అన్న మింద మట్టి పడేది కండ్లారా చూసినోడు, వాణ్ణి నేనేమనేది? నేనైనా ఇంకొకరికి చెప్పింటే అయిపోయిండేది. నాకు తోచల్యా.

మూడో దినము పాలు పోయల్ల. ముండమోసిన ఆడది బయటికి రాకూడదంటారు గదా. అయినా నేను తెల్లారి ఒక్కదాన్నే పోయినా. తావు చిమ్మి నీళ్ళు చల్లి వద్దాము, మా అత్త వచ్చేలోపు బాగుండల్ల అని.

తవ్వింది.

ఏదో వచ్చి భుజం కాడ తవ్వింది. తెల్లగుడ్డ బయటికి లాగిండాది. ఇంగ... చెయ్యి. అది చాల్లే తల్లీ. అంతవరకే చెప్తా.

నేను ఏడవల్యా. ఎందుకో మరి ఏడుపు రాల్యా. కూసోని, చేతులతోనే మట్టి కప్పినా. కప్పతా కప్పతా చూస్తే చుట్టూ అడుగులు. ఊరికుక్కలు. ఆ ఏడు మనుషులకే సంగటి లేకపాయ, కుక్కలకెవురు పెడతారు, గుంపు కట్టి చేన్లెంబడి తిరగతాండె. అన్నీ నాలుగేళ్ళ అడుగులు. అయిదేళ్ళది ఒక్కటీ లేదు. వాటి మధ్యలో మూడేళ్ళ అడుగు ఒకటి. ఎడమది.

కర్రోడు రెండు దినాలుగా ఇంట్లో లేదు.

ఆకలికి తవ్విందా, ఆయన్ని వెతుక్కుంటా తవ్విందా? బాయిలో నుంచి మనుషులు మట్టి తవ్వి ఆయన్ని బయటికి తీసేది అది గట్టు మింద నిలబడి చూసింది మే. ఇన్నేండ్లూ అడగతానే ఉండా నన్ను నేను.

పైట కొంగుతో ఆ అడుగులన్నీ తుడిచేసినా. ఒక్కటి వదల్యా. ఎందుకంటే మా అత్త వస్తాంది ఎనకాల, పాలచెంబు పట్టుకోని. ఆయమ్మకు కొడుకు పోయినాక ఆ కుక్కే కొడుకు. “కర్రోడు యాడికి పాయె, వాడు గూడా తిండి మానేసినాడేమో” అని రెండు దినాలుగా ఏడస్తాంది.

సుబ్బరాయుడు ముందొచ్చినాడు. కొత్తమట్టి చూసినాడు, గుడ్డ పీలిక చూసినాడు. నా చేతులు చూసినాడు.

“ఏమైంది వదినా?”

నేను కొంగు దులుపుకుంటి.

“తరకరడి,” అనె. “ఎర్రబండ గుట్టలో ఉండేది. అదే.”

అప్పుడు నేను కాదని చెప్పిండల్ల. నోట్లో మాట ఉండాది, అయిదేళ్ళు లేవు అని. వాని ఎనకాలే మా అత్త వస్తాండాది. నేను తల దించుకుంటి. తల దించుకుంటే అవునన్నట్లే గదా.

ఆ మధ్యానం పదిహేను మంది పోయినారు గుట్టకు. గడ్డపారలు, కట్టెలు, ఎండుగడ్డి తీసుకోని. బొరియ మూతికాడ పొగ పెట్టినారంట. బయటికొచ్చి ఒకని బూటు కరిచి పట్టుకొని వదల్లేదంట. ఎన్ని దెబ్బలు కొట్టినా పడల్యా అని చెప్పుకున్నారు. గొప్పగా చెప్పుకున్నారు ముందు.

దాన్ని తెచ్చి మా ఇంటి ముందర పడేసినారు. మా అత్త చూడల్లని. నేను తలుపు సందులో నుంచి చూస్తాండా. చచ్చినాక ఎంత చిన్నదిగా ఉండెనో మే. ఎండాకాలం కదా, పక్కటెముకలు లెక్క పెట్టచ్చు. దాని కొవ్వు నొప్పులకు మంచిదని ఊర్లో ఒక ముసలాయన కత్తి తెచ్చి కడుపు కోసినాడు. కొవ్వు లేదు. కడుపులో తేళ్ళ పెంకులు, ఎలక బొచ్చు, చెదలు. ఆయన కత్తితో కదిలిచ్చి కదిలిచ్చి చూసి, మెల్లగా అన్నాడు:

“ఇందులో మనిషిది ఏమీ లేదప్పా.”

పదిహేను మంది విన్నారు, ఇంకా ఆడోళ్ళు. సుబ్బరాయుడు అన్నాడు, “మొన్న తిన్నది ఇంకా ఉంటాదా, అరిగిపోయింటాది.” ఒక్కొక్కరే లేసి పోయినారు. వాళ్ళకు గూడా తెలిసిపాయె. తెలిసీ ఎవురింటికి వాళ్ళు పోయినారు, ఎందుకంటే అందరింట్లో కుక్కలుండాయి.

అప్పుడొచ్చింది కర్రోడు. తోక ఊపుకుంటా వచ్చి మా అత్త ఒళ్ళో తల పెట్టుకోని పండుకునె. మూతికి ఎర్రమట్టి. మా అత్త కొంగుతో ఆ మూతి తుడిచి, నన్ను పిలిచి, “పాపం, ఎన్ని దినాలయిందో తిని. సంగటి ఉంటే ఇంత పెట్టు మే” అనె.

పెట్టినా.

నాలుగేండ్లు పెట్టినా ఆ కుక్కకు, నా చేత్తో. ఒకసారి తాడు కట్టి సోమందేపల్లె దాకా తోలుకపోయినా, ఆడ రోడ్డు పక్క వదిలేసి వద్దామని. వదిలేసి వచ్చినా గూడా. నాకంటే ముందొచ్చి ఇంటి ముందర కూసోనుండె. మా అత్త ఏమీ తెలీక దానికి మొట్టికాయ వేసి, “యాడ తిరిగొచ్చినావురా” అనె. ఇంగ నేను మళ్ళీ ప్రయత్నం చేయల్యా. కొట్టాలని చెయ్యెత్తేది, అది నా మొగం చూసేది. ఆయన పెంచిన కుక్క గదా. అదీ చచ్చిపాయె, ఆ మరుసటేడు మా అత్తా పోయె. ఆయమ్మకు చెప్పల్యా. మీయమ్మకూ చెప్పల్యా. నువ్వు ఇంటికి పోయినాక చెప్పేదుంటే నువ్వే చెప్పు, నేను చెప్పలేను.

తర్వాత, మా అత్త పోయిన రెండేండ్లకనుకుంటా, ఒకమ్మాయి వచ్చింది జీపులో. నీ మాదిరే చదువుకునే పిల్ల. బొమ్మలు తెచ్చి ముసలోళ్ళకంతా చూపిస్తాంది, ఇది మీ పక్క ఉండాదా, ఏ గుట్టలో, ఎన్నేండ్ల కింద అని. నేను మా నాయన చెప్పినవన్నీ చెప్పినా. ఆ పిల్ల ఒక పటం మింద చుక్కలు పెట్టుకునె. గోరంట్ల వంక ఇప్పుడు లేదు, ఆ గట్లన్నీ చదును చేసి చేన్లు చేసినారు. కొన్ని గుట్టలు రాయి కోసం పగలకొట్టినారు. ఏటి ఇసక లారీలెక్కిపాయె. పుట్టపర్తి దిక్కు ఇండ్లు లేస్తానే ఉండాయి, ఆడ యాడుంటాది. చుక్క పెడతాది, పక్కన ఇంటూ కొడతాది. చుక్క, ఇంటూ.

“మరి మీ ఊర్లో అవ్వా?” అనె.

“ఉండె. చంపినారు.”

“ఎందుకు?”

“శవం తవ్విందని.”

ఆ పిల్ల రాసుకుంటా రాసుకుంటా ఆగి, “మామూలుగా కుక్కలు తవ్వతాయి అవ్వా, పేరు దీనికొస్తాది” అనె. నా మొగం చూసె. చెప్పేదానికి అంతకంటే మంచి సమయం ఏముంటాది? ఊర్లోది కాదు, చుట్టం కాదు, చెప్తే తీసుకోని పోతాది. నేను, “మజ్జిగ తాగుతావా పాపా” అంటి. ఆయమ్మి మజ్జిగ తాగి, దండం పెట్టి పోయె. శవం తవ్విందని చంపినారు అనే రాసుకోని పోయింటాది.

రెండుసార్లు మే. దాని మింద రెండుసార్లు నింద పడనిచ్చినా నేను. ఆపొద్దు ఒకసారి, ఆ జీపు పిల్ల ముందర ఒకసారి. మొదటిసారికి మా అత్త ఉండె అనుకుందాము. రెండోసారికి ఎవురుండారు? అత్త లేదు, కుక్క లేదు. ఊరికే భయం.

ఏడవాకు. నీ పుస్తకం తడిసిపోతాది. మీ తాతకేమీ కాల్యా, ఆయనప్పటికే పోయినాడు. ఆయన మంచోడు. ఉండింటే నిన్ను భుజం మింద ఎక్కిచ్చుకోని తిరిగిండేవాడు.

నువ్వు రాయి. ఎర్రబండ గుట్టలో ఒకటుండె, అది తవ్వలేదు అని రాయి. తవ్వింది మా ఇంటి కుక్క అని రాయి. నా పేరు పెట్టు, పరవాలేదు, ఇంగ నాకెవురితో ఏం పని.

ఇంకొక మాట. సెలవుల్లో కదిరి పక్క అడివికి పోతామంటివి గదా, మీ కాలేజోళ్ళంతా. ఆడ ఇంకా ఉంటే ఉండచ్చు. కనపడితే చూసుకోండి, బొమ్మ తీసుకోండి, మీ సార్లకు చెప్పుకోండి. ఏ గుట్ట అనేది మటుకు ఊర్లో ఎవురికీ చెప్పాకండి. టీ అంగడి కాడ గూడా అనాకండి. ఎండ జాస్తి, నీళ్ళు పెద్ద సీసాలో పెట్టుకో. తలకు గుడ్డ కట్టుకో. ఒంటరిగా పోవాకు. నా తల్లి, నూరేండ్లు చల్లగా బతుకు, నా మాదిరి నోరు మూసుకోకుండా... ఆ, ఇంగ ఆపు దాన్ని. కాయలు అయిపాయె, చాట ఖాళీ. లోపల సంచిలో ఇంకో రెండు సేర్లుండాయి చూడు, తెస్తావా...