బుచ్చన్న చూసిన చెవులు

అందరికీ నమస్కారం.

ఈ రోజు ఎండ నలభై ఆరు డిగ్రీలు. సముద్రం వైపు నుంచి వచ్చే గాలిలో తడి ఉంది, చల్లదనం లేదు. పొద్దున నాలుగింటికి దొడ్లలోకి దిగాం. పదకొండు దొడ్లు కడిగాం. గడ్డి మోపులు విప్పాం. తొట్లు నింపాం. చచ్చిన గొర్రెలు పద్నాలుగు, వాటిని గుంతలో వేసి సున్నం చల్లాం. శుక్రవారమైనా గొర్రెలకు సెలవు ఉండదు కాబట్టి మనకూ లేదు. ఆ పని ముగించి, స్నానాలు చేసి, నిద్ర మానుకుని ఈ మెస్సు హాల్లోకి వచ్చారు. మీ అందరికీ దండం.

మనం వచ్చింది బుచ్చన్న కోసం. మంగళవారం పగలు పదకొండున్నరకు తొమ్మిదో దొడ్డిలో తొట్టి పక్కన కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు. గుండె ఆగిందని రాసిచ్చారు. వయసు యాభై మూడు. మనిషి ఇంకా ఈ అరబ్బు దేశంలోనే, రాబిగ్ పట్నం ఆస్పత్రిలో, చల్లటి గదిలో ఉన్నాడు. కాగితాలు పూర్తయితే ఊరికి పంపుతారు.

ఆయన భార్య లస్మవ్వ వదిన నిర్మల్ దగ్గరి ఊరి నుంచి ఫోనులో వింటోంది. వదినా, నేను చెప్పబోయేది నీకు నచ్చదు. అయినా విను.

వెనక బెంచీల మీద తెలుగు రానివాళ్ళు ఆరుగురున్నారు. ఎర్ర సముద్రం అవతలి రెండు దేశాలవాళ్ళు. ఒక దేశంవాళ్ళు ఈ గోడకు కూర్చున్నారు, ఇంకో దేశంవాళ్ళు ఆ గోడకు. మన డ్రైవరు ఖాదర్ భాయ్ నా మాటలు వాళ్ళకు మెల్లగా అరబ్బీలో చెప్తున్నాడు. ఆ దేశాల పేర్లు నేను చెప్పను. పేరు చెప్తే తప్పు దేశం మొత్తానిదవుతుంది. ఒకదాన్ని రేవు దేశమంటాను, దానికి సముద్రం ఉంది. ఇంకోదాన్ని లోపలి దేశమంటాను, దానికి సముద్రం లేదు. గొర్రెలు రెండింటికీ ఉన్నాయి. కొనేది మాత్రం ఇక్కడి ఒక్క బజారే.

అన్నలారా, బుచ్చన్న ఎలాంటి మనిషి?

పదకొండేళ్ళు మేమిద్దరం ఒక జోడీ. ఓడ రాగానే ర్యాంపు కింద నిలబడేవాళ్ళం. ఆయన గొర్రెను పట్టుకుని చెవి తిప్పేవాడు. నేను చెవికున్న ట్యాగు నంబరు చదివి పుస్తకంలో రాసేవాణ్ణి. ఆయన గొర్రెను చూసేవాడు, నేను ట్యాగును చూసేవాణ్ణి. ఆయన బడి మొహం చూడలేదు. నేను పదో తరగతి పాసయ్యాను. అందుకని పెన్ను నా చేతికొచ్చింది.

ఆయన వచ్చిన మొదటి ఏడు ఒక ఓడ దిగింది. గొర్రెలు మూడు రోజులు సముద్రం మీద ఉండి వచ్చాయి. నాలుకలు బయటపెట్టి నిలబడ్డాయి కానీ తొట్లలో నీళ్ళు ముట్టలేదు. ఫోర్‌మన్ అరిచాడు. కొందరం మెడలు పట్టి వంచాం. తాగలేదు. బుచ్చన్న వచ్చి తొట్టి పక్కన కూర్చుని చేత్తో నీళ్ళు కదపడం మొదలుపెట్టాడు. గలగలమని చప్పుడు. పావుగంట అలాగే కూర్చున్నాడు. ఒక ముసలి గొర్రె వచ్చి మూతి పెట్టింది. దాని వెనక మంద మొత్తం వచ్చింది. అడిగితే ఒక్కటే చెప్పాడు. "ఇవి వాగుల నీళ్ళు తాగినయ్ రా. సప్పుడు లేని నీళ్ళు వీటికి ఎర్కలేదు." అప్పటికి ఆయన ఈ దేశం వచ్చి తొమ్మిది రోజులు.

ఆయన మంచానికి ఆ పక్క ఆదం, ఈ పక్క ఇద్రీస్ పడుకునేవాళ్ళు. ఆదంది లోపలి దేశం. ఇద్రీస్‌ది రేవు దేశం. ఇద్దరూ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళవాళ్ళు. వాళ్ళ గొడవలు మీరు విన్నవే. ఆదం ఫోనులో కొత్త రైలు చూపించేవాడు, అద్దాల మేడలు చూపించేవాడు. మా దేశం ఏటా ఇంత శాతం పెరుగుతోందనేవాడు. ఇద్రీస్ కొత్త రేవు చూపించేవాడు, అందులో క్రేన్లు చూపించేవాడు. మా రేవు లేకపోతే మీ రైలు ఎక్కడికి పోతుందనేవాడు. మీ ఆఫీసర్లు లంచగొండులని ఒకడు, మీవాళ్ళు దొంగ రవాణాగాళ్ళని ఇంకొకడు. ఒకరోజు బుచ్చన్న మధ్యలో లేచి కూర్చున్నాడు. "గంతగనం పెరిగితె మీరిద్దరు ఈడ గొర్ల పెంటికలు ఎందుకు ఎత్తుతున్నరు బిడ్డా?" అన్నాడు. ఇద్రీస్ తక్కువవాడు కాదు. నీ దేశం మా రెండిటికన్నా పెద్దది కదా బాబా, నువ్వెందుకు ఎత్తుతున్నావని వచ్చీరాని హిందీలో అడిగాడు. "మా ఊరి పెంటికలు ఒడిసినయ్" అన్నాడు బుచ్చన్న. గది గదంతా నవ్వింది. ఆ రోజు ముగ్గురూ ఒక పళ్ళెంలో తిన్నారు.

తర్వాత ఆ రెండు దేశాలు సరిహద్దు మూసుకున్నాయి. ఇక్కడ కూడా ఒక పళ్ళెం రెండు పళ్ళేలైంది. బుచ్చన్న ఒక పూట ఈ పళ్ళెంలో, ఒక పూట ఆ పళ్ళెంలో తినేవాడు. తిన్నాడు, అంతే.

ఆదం ఇక్కడికి రావడానికి వాళ్ళ నాన్న పద్దెనిమిది మేకలు అమ్మాడు. పాస్‌పోర్టు ఆఫీసులో ఒకడు తిన్నాడు, డాక్టరు సర్టిఫికెట్టుకు ఒకడు తిన్నాడు, ఏజెంటు మిగిలింది తిన్నాడు. ఆ మేకలను కొన్న వ్యాపారి వాటిని ఓడెక్కించాడు. ఆదం కంటే ముందే అవి ఈ రేవులో దిగి ఉంటాయి. రైలు వచ్చింది, క్రేన్లు వచ్చాయి. ఆ ముసలాయన దొడ్డిలో ఏం మిగిలింది? మన ఊళ్ళల్లో ఏజెంటు చేతిలో ఏం పెట్టి వచ్చామో ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వాళ్ళను చూసి నవ్వే అర్హత మనకు లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

బక్రీదుకు ముందు వచ్చిన పెద్ద ఓడ మీకు గుర్తుంది. ముప్పై ఒక్క మందిమి ఆ రోజు రేవులో ఉన్నాం. తొమ్మిది వేల గొర్రెలు. లోపలి దేశంలో గాలికుంటు రోగం ఉందని అక్కడి గొర్రెలను ఇక్కడ దిగనివ్వడం లేదు. ఇవి రేవు దేశానివని కాగితం చెప్పింది. రెండు నెలల కింద ట్యాగులు వేసి, వేరుగా ఉంచి, పరీక్షించి పంపామని రాసి ఉంది. సంతకాలున్నాయి, ముద్రలున్నాయి.

బుచ్చన్న మూడో గొర్రె దగ్గరే ఆగాడు. "ప్రభాకరూ, గీ చెవి జూడు. రెండు నెలల పుండా ఇది? నెత్తురు సుత ఆరలే" అన్నాడు. కాయితం మంచిగనే ఉన్నదే అన్నాను. "కాయితాన్ని పట్టుకొని చెవి తిప్పుదమా మరి?" అన్నాడు. నేను చూశాను. చెవి వాచి ఉంది. ట్యాగు చుట్టూ పచ్చి రసి, దాని మీద ఈగలు. ఒకటి కాదు, వందలు. మీరూ చూశారు. చూడలేదని ఎవరైనా అంటారా?

అవి సరిహద్దు దాటి వచ్చిన గొర్రెలు. అవతలి రేవు దగ్గర ఎవడో డబ్బు తీసుకుని మూణ్ణాలుగు రోజుల ముందు చెవులు గుచ్చి ఓడెక్కించాడు. అది గొర్రెలు కాచిన ఎవరికైనా తెలుస్తుంది.

నా పుస్తకంలో నంబరు పక్కన ఒక గడి ఉంటుంది. చెవి మానిందా లేదా అని. మానితే టిక్కు పెట్టాలి. నేను ఆ గడిలో టిక్కులు ఎప్పుడు పెట్టేవాణ్ణో ఈ రోజు చెప్తాను. ఓడ రాకముందే, నీడలో కూర్చుని, చాయ్ తాగుతూ పేజీకి పేజీ పెట్టేసేవాణ్ణి. ఎండలో పని తగ్గుతుందని. పదకొండేళ్ళు అలాగే చేశాను. ఆ రోజూ అలాగే చేశాను. బుచ్చన్న చెవి చూపించినప్పుడు టిక్కు అప్పటికే పడి ఉంది. కొట్టేస్తే లాటు ఆగుతుంది, ఓడ ఆగుతుంది, లారీలు ఆగుతాయి. నేను కొట్టెయ్యలేదు. కింద సంతకం పెట్టాను.

ఇంకో పని కూడా ఆ రోజే జరిగింది. ఆదం ఒక గొర్రె చెవి అంచు మీద పాత కోత చూశాడు. అది తన వైపు కాపరులు పెట్టుకునే గుర్తు. వాడు ఆ గొర్రె మెడ కౌగిలించుకుని, ఇవి మావి, మా వైపువి అని అందరికీ వినపడేలా అరిచాడు. మూడేళ్ళ తర్వాత సొంత ఊరి మనిషి కనపడ్డట్టు వాడి మొహం వెలిగింది. మనం నవ్వాం. బుచ్చన్న నవ్వలేదు. "మెల్లగ రా బిడ్డా" అన్నాడు.

అయిదో రోజుకు గొర్రెలు కుంటడం మొదలైంది. నోట చొంగ. ఆరు వందలను చంపి పూడ్చాం. కంపెనీ విచారణ పెట్టింది. సముద్రం అవతల ఒక మంత్రి మా కాగితం శుద్ధమన్నాడు, ఇంకో మంత్రి మీ ఆఫీసర్లు అమ్ముడుపోయారన్నాడు. ఇద్దరూ మరుసటి వారం కొత్త రేవులూ కొత్త రోడ్లూ ప్రారంభించుకున్నారు. వాళ్ళ వరకు అది ముగిసింది. ఇక్కడ మాత్రం ఎవడో ఒకడు కావాలి.

లెక్క ఇలా తేల్చారు. ఓడ దిగేటప్పుడు చెవులు మాని ఉన్నాయి, పుస్తకంలో టిక్కులున్నాయి. కాబట్టి రోగమున్న గొర్రెలు వేరే దారిన వచ్చాయి, ట్యాగులు ఇక్కడే, దొడ్లలో మార్చారు. ఊడిన ట్యాగులు తిరిగి గుచ్చే ప్లయర్ ఎవరి పెట్టెలో ఉంటుంది? ఆదం పెట్టెలో. ఆ గొర్రెలు తన దేశానివని ముందే తెలిసినవాడెవడు? ఆదం. వాణ్ణి తొమ్మిది రోజులుగా ఆఫీసు వెనక గదిలో ఉంచారు. ఎల్లుండి, ఆదివారం, వాడి కేసు పైకి పంపుతారు.

తమ్ముళ్ళారా, వాణ్ణి ఆ గదిలో పెట్టింది మంత్రులు కాదు, లంచం తిన్న ఆఫీసరు కాదు. నా టిక్కులు.

ఆ చెవుల సంగతి చెప్పడానికి బుచ్చన్న ఆఫీసుకు వెళ్ళాడు. మూడు రోజులు డ్యూటీ దిగాక వెళ్ళి ముదీర్, అదే మేనేజరు, గది ముందు నిలబడ్డాడు. నోటిమాట చెల్లదు, రాసి తెమ్మన్నారు. ఆయనకు రాయడం రాదు. శనివారం నా మంచం దగ్గరికి వచ్చాడు. రేపు రాస్తానన్నాను. ఆదివారం వచ్చాడు. రేపన్నాను. నేనెందుకు వాయిదా వేస్తున్నానో ఆయనకు తెలుసు. అది రాస్తే నా సంతకం అబద్ధమవుతుంది. సోమవారం వచ్చి పక్కన కూర్చుని, "నీ పేరు రాయకు. నేను జూసిన అని రాయి. ఏలుముద్ర నేనేస్త" అన్నాడు. ఒక్క మాట తిట్టలేదు. నేను ఒళ్ళు నొప్పులన్నాను. మంగళవారం ఆయన పోయాడు.

పోయిన తెల్లారి లస్మవ్వ వదినకు ఫోన్ చేశాను. ఏడుస్తూనే ఒక మాట చెప్పింది. సోమవారం ఆయన ఆమెతో, "ప్రభాకర్ రాసిస్తనన్నడు, ముద్రేస్తె నా పని ఒడుస్తది" అన్నాడట. రాసిచ్చినవా తమ్మీ అని అడిగింది. నేను ఫోన్ కట్ చేశాను. వదినా, రాయలేదు. ఇప్పుడు చెప్తున్నాను, రాయలేదు.

ఇక నేను రాసినా బుచ్చన్న వేలుముద్ర ఉండదు. ఎవరి మాట నమ్ముతారు? నా మాటకు నా పుస్తకమే ఎదురు చెప్తుంది. వెళ్తే ఆదం బయటికొస్తాడని నేను అనుకోవడం లేదు. నాకు ఆ ఆశ లేదు. ఆ గదిలో ఇద్దరం ఉండటం తప్ప ఏమీ జరగకపోవచ్చు. సముద్రం అవతల రేపటి ఓడకు ఈ పాటికి చెవులు గుచ్చుతూ ఉంటారు. అది నేను ఆపలేను, మీరూ ఆపలేరు.

కానీ ఆ చెవులు చూసినవాళ్ళం ముప్పై ఒక్క మందిమి. ఒకడు పోయాడు, ఒకడు గదిలో ఉన్నాడు. మిగతా ఇరవై తొమ్మిది మందిమి ఈ హాల్లోనే ఉన్నాం. ఆదివారం పొద్దున ఏడున్నరకు నేను గేటు దగ్గర ఉంటాను. ఆఫీసుకు వెళ్ళడానికి ఖాదర్ భాయ్ బండి తెస్తానన్నాడు. చూసింది చూశానని చెప్పగలిగినవాళ్ళు రండి. రాలేనివాళ్ళను నేనేమీ అనను. ఇంటి దగ్గర పిల్లలున్నారు, మనల్ని ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, కంపెనీ చేతిలో ఉంది. మూడు రోజులు రేపు రేపన్నవాణ్ణి మిమ్మల్ని ఏమనగలను?

ఆయన గురించి గొప్పగా చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ఆయన చెవి తిప్పి చూసేవాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. అంతే.

లేవండి. ఆ గోడవాళ్ళు, ఈ గోడవాళ్ళు, అందరూ లేవండి. ఫోన్లు పక్కన పెట్టండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు.

*

సభ శుక్రవారం సాయంత్రం ఆరుంపావుకు ముగిసింది. ఆదివారం ఉదయం ఏడున్నరకు గేటు దగ్గరికి ఇద్రీస్ ఒక్కడే వచ్చాడు. ఏడూ నలభైకి ఖాదర్ బండిలో ప్రభాకర్, ఇద్రీస్ ఆఫీసుకు వెళ్ళారు. మధ్యాహ్నం రెండున్నరకు ఖాదర్, ఇద్రీస్ తిరిగి వచ్చారు. ఆదం, ప్రభాకర్ రాలేదు.