హాట్ యాక్సిల్

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో, ఆదివారం మధ్యాహ్నం, యార్డులో బండి చక్రాలు పరీక్షించే భర్త చేతులకి భార్య నూనె రాస్తోంది.

“సుత్తి పట్టేది ఒక సేత్తోనే కదండీ. రెండు బొటనవేళ్లూ ఎందుకు నొప్పెడతన్నాయి?”

“యార్డు పనంటే మాటలేటి? బండి వొచ్చిందంటే ప్రతి సక్రం కొట్టి సూడాల.”

“పాప సేతుల్లో పట్టుకుని ఆడే వీడియో గేము సానా బరువు. అది ఒళ్లో దిండు ఏసుకుంటే గాని ఆడలేదు.”

“మద్దిలో దాని గోలేటి?”

ఆమె అతని తలగడ కింద చెయ్యి పెట్టి ఆ గేము బయటికి తీసింది. చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపు దానికి ఆనించింది. యార్డులో వ్యాగను ఇరుసు వేడెక్కిందో లేదో అతను చూసేది అచ్చం అలాగే.

“సుర్రుమంతంది. ఇప్పుడే వొచ్చి ఆగిన బండి ఇది.”

అతను గోడవైపు తిరిగాడు.

“ఆరు బ్యాటరీలూ తగలేసినావని నిన్న పాపని కొట్టినారు.”

“తప్పే. దానికి మాత్రం సెప్పకు.”

“దానికి మొన్నే తెలుసు. మీరు స్నానానికి ఎళ్లినప్పుడు ఇలాగే ముట్టుకుని సూసింది. దెబ్బలు తిన్నాక నాతో ఏటందో తెలుసా? ‘ఊరుకోమ్మా, నాన్న సిన్నబోతాడు’ అంది.”