గేటు లోపలి లారీ

షెడ్డు ముందున్న ఖాళీ జాగా. టేపు పట్టుకున్న తనిఖీ అధికారి, షెడ్డు సొంతదారైన పెద్దాయన, ఆయన కోడలు.

“ఆ పైపులు గోడ మీంచి రోడ్డులోకి తొంగి చూస్తున్నాయి పెద్దాయనా. ఆరుబయట పెట్టే సరుకు ప్రహరీగోడ ఎత్తు దాటకూడదు.”

“దించేస్తాం సారూ. వాటికేం, చెప్పిన మాట వినే సరుకు.”

“డ్రమ్ములు షెడ్డు వెనక్కి పోవాలి. రోడ్డుకి కనపడకుండా రేకులు అడ్డం కట్టాలి.”

“కట్టేస్తాం.”

“అన్నిటికీ సరే అంటున్నారు! ఇంకొకళ్ళయితే ఈపాటికి నా మీద కయ్యిమని లేచేవాళ్ళు.”

“లేవడానికి ఓపిక ఉండాలి కదా సారూ.”

“సరే. మరి ఈ లారీ?”

“లారీ… లారీయే సారూ.”

“అది కనపడుతూనే ఉంది. గేటుకీ షెడ్డుకీ మధ్య ఏదీ నిల్వ ఉంచకూడదు. రేపు నిప్పంటుకుంటే ఫైరింజను ఎటు నుంచి రావాలి?”

“నిల్వ ఉంచింది కాదు సారూ. ఆపింది.”

“టైర్లలో గాలి లేదు. చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. కదలని బండి కూడా సరుకు కిందే లెక్క. ఎవరు పెట్టారిక్కడ?”

“మావాడు.”

“పిలవండి. ఆయనకే చెప్తాను.”

“రాడు.”

“ఊళ్ళో లేరా?”

“లేడు.”

“ఎప్పుడొస్తారు మరి?”

“అమ్మాయీ, సారుకి టీ పట్రామ్మా.”

“తెచ్చాను మామయ్యా. తీసుకోండి సార్. మీది ఎప్పట్లాగే కేబిన్లో పెట్టాను మామయ్యా.”

“అంటే, రోజూ టీ ఆ లారీ కేబిన్లోకేనా అమ్మా?”

“మామయ్య పొద్దున్నే అక్కడ కూర్చుంటారు సార్. అద్దం తుడుస్తారు, కూర్చుంటారు.”

“ఎందుకు?”

“మా ఆయన లోడు దించి వచ్చి, ఇక్కడే ఆపారు సార్. బ్రేకు వేశారు. లైట్లు కూడా ఆర్పేశారు. దిగలేదు. గుండె ఆగిపోయిందన్నారు.”

“అయ్యో. తెలీక ఏదేదో అనేశాను…”

“మీరేం చేస్తారు సారూ. రూలు రూలే. కొలుచుకోండి, కొలుచుకోండి.”

“పోనీ, వెనక రేకుల చాటుకి జరిపించండి. అక్కడుంటే నేను అడ్డు చెప్పను.”

“మా కోడల్ని అడగండి. ఆ పిల్ల ఎలా అంటే అలా.”

“నాదేముంది మామయ్యా? మీరెలా అంటే అలా.”

“నాదేముందమ్మా?”

“మీదే కదా మామయ్యా.”

“ఇలాగైతే ఇది తెగదు. వెనక్కి జరపాలా, మొత్తానికే తీసేయాలా? ఎవరో ఒకరు నోరు విప్పండి.”

“మీరు మాట్లాడుతూ ఉండండి సారూ. లోపల దాని తాళంచెవి ఎక్కడుందో చూసొస్తాను.”

“సార్… మామయ్య వెళ్ళారు కదా? వెనక్కి జరపడానికి కూడా వీల్లేదని చెప్పండి. రూలు ఒప్పుకోదనండి.”

“ఒప్పుకుంటుందమ్మా.”

“అయినా అనండి. తీసేయమనే మాట నా నోట వస్తే ఆయన ఏమైపోతారు? మీ ఆఫీసుకి ఫోన్ చేసింది నేనే సార్.”

“మీరా? మీ షెడ్డు మీద మీరే ఫిర్యాదు చేశారా?”

“మా ఆయన పోయాక మొదటిరోజు మామయ్యని ఆ కేబిన్లోంచి దింపలేక, టీ అక్కడికే అందించాను. మర్నాడూ ఎక్కి కూర్చుని నా వైపే చూస్తున్నారు. ఇవ్వకుండా ఎలా ఉంటాను? మళ్ళీ ఇచ్చాను. అదే అలవాటైపోయింది. ఆ మెట్టెక్కి చెయ్యి చాపుతాను గానీ, సీటు వైపు చూడను సార్. ఏడుపు కూడా రావట్లేదు. లారీ పోతే చాలు. నేను చెప్పానని మాత్రం ఆయనకి చెప్పకండి.”

“చెప్పను. కానీ అమ్మా… మీ షెడ్డు మీద రెండు ఫోన్లొచ్చాయి.”

“రెండా?”

“రెండోది నేనే ఎత్తాను. ‘పాపం, ఆ పిల్ల రోజూ టీ గ్లాసు పట్టుకుని ఆ లారీ ఎక్కుతోంది సారూ, అది అక్కడున్నంతకాలం మానదు, తీయించేయండి. నేను చెప్పానని ఆ ఇంటి కోడలికి మాత్రం తెలియనివ్వకండి’ అన్నారొకాయన. పక్క షెడ్డు పెద్దాయనెవరో అనుకున్నానమ్మా, ఇందాక ఇక్కడ ఆ గొంతు వినేదాకా.”