తనంతట తాను పైకొచ్చే పడవ

నౌకాదళ రేవు పక్కనున్న రాకింగ్‌హామ్‌ ఊళ్ళో శనివారం మధ్యాహ్నం. లిండ్సే హాస్కిన్ ఇంటి వెనక షెడ్డు. బల్ల మీద నాలుగడుగుల బొమ్మ జలాంతర్గామి పొట్ట తెరుచుకుని ఉంది. బల్లకి ఇటు లిండ్సే, అటు అతని కూతురు కెరిన్.

"అలా కాదు నాన్నా. మళ్ళీ మొదట్నుంచీ చెప్పు. ముంచి తేల్చడానికి సిరంజి పెడితే ఏమవుతుంది?"

"ఎన్నిసార్లు చెప్పాలే? మోటారు పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. తొట్టిలోకి నీళ్ళొస్తాయి, పడవ మునుగుతుంది. ముందుకి తోస్తే నీళ్ళు బయటికి పోతాయి, తేలుతుంది. నర్సమ్మ చేతిలో సూది లాంటిదే."

"మధ్యలో బ్యాటరీ అయిపోతే?"

"ఎందుకైపోతుంది? నిండా చార్జింగు పెట్టేగా వదులుతాను."

"అయిపోతే అంటున్నా."

"పిస్టన్ ఎక్కడున్నది అక్కడే. పడవా ఎక్కడున్నది అక్కడే."

"అడుగున."

"అడుగునే."

"మెర్విన్ అంకుల్ది అలాగే పోయింది కదూ?"

"మెర్విన్‌ది మెర్విన్ తెలివి వల్ల పోయింది. రబ్బరు రింగుకి గ్రీజు రాయలేదు, అది బిగుసుకుపోయింది. పదకొండు రోజులు చెరువులో దిగి, ఆకులు లాగే దంతెతో వెతికాడు. మా బొమ్మ పడవల క్లబ్బులో ఇప్పటికీ వాణ్ణి తోటమాలీ అనే పిలుస్తాం."

"సరే. గ్యాసు?"

"గ్యాసే రాజా! ఇంతే డబ్బా. రిమోటు మీద ఈ మీట నొక్కానా, బుస్సుమని తొట్టిలో నీళ్ళన్నీ బయటికి. మూడు లెక్కపెట్టేలోపు పైనుంటుంది. నేను పనిచేసిన నేవీ జలాంతర్గామిలోనూ అదేగా, గాలి వదిలి నీళ్ళు తోసెయ్యడం. నువ్వూ ఇప్పుడు నేవీలో నేర్చుకున్నది అదేగా."

"ఊఁ."

"ఊఁ ఏమిటే? ఎల్లుండి పడవెక్కబోయే పిల్లవి. మీ కెప్టెన్ ముందు కూడా ఇలాగే ఊఁ కొడతావా?"

"గ్యాసుకి ఎవరో ఒకరు మీట నొక్కాలి కదా నాన్నా."

"నేను నొక్కుతాను. రిమోటు నా చేతిలోనే ఉంటుంది."

"నొక్కకపోతే?"

"ఎందుకు నొక్కను?"

"మూడోది చెప్పు. అసలు తొట్టే లేనిది."

"అది జలాంతర్గామి కాదు, బాతు."

"చెప్పు నాన్నా."

"నీళ్ళకన్నా కాస్త తేలిగ్గా చేస్తారు. మోటారు తిరిగినంతసేపూ రెక్కలు కిందికి వంచి నీళ్ళలోకి దూరుస్తారు. మోటారు ఆగిందా, బుడుంగున పైకి."

"ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు?"

"ఏమీ చెయ్యక్కర్లేదు."

"అయితే అదే పెడదాం."

"కెరిన్! ఇరవై రెండేళ్ళు పడవల్లో పనిచేసినవాణ్ణి. నలుగురి ముందూ చెరువులో బాతుని వదలమంటావా? అంతకన్నా దారం కట్టుకునేవాళ్ళే నయం."

"మొదటిసారి ముంచేటప్పుడు దారమూ బెండూ కట్టాలని మీ క్లబ్బు రూలేగా?"

"దారం కట్టేవాడు చేపలు పట్టుకోవాలి."

"నాకు తనంతట తాను పైకొచ్చేది కావాలి."

"నీకా? పడవ నాది."

"మనిద్దరిదీ. ఆరేళ్ళుగా ఇద్దరం చేస్తున్నాం. రేపు నీళ్ళలో వదులుతాం, ఎల్లుండి నేను వెళ్ళిపోతాను. రెండున్నర నెలలు నాన్నా. ఇది తేలిందా మునిగిందా అనుకుంటూ కింద కూర్చోలేను."

"సాసేజీ తిను. చల్లారిపోతోంది."

"ఆకలి లేదు."

"పొద్దున్నా అదే అన్నావు. నిన్నా అదే. పడవలో వంటవాడు బతిమాలడు, తెలుసా?"

"తెలుసు."

"సరే, మధ్యేమార్గం. గ్యాసే పెడదాం. దానికో చిన్న పెట్టె తగిలిస్తాను. రిమోటు నుంచి సంకేతం తెగిపోతే, ఆ పెట్టే గ్యాసు వదిలేస్తుంది. సంతోషమా?"

"సంకేతం తెగకపోతే?"

"తెగకపోతే ఇంకేం, నేనున్నాగా!"

"అది కాదు. అన్నీ బాగానే ఉన్నాయి. బ్యాటరీ ఉంది, గ్యాసుంది, రేడియో పలుకుతోంది. లోపలికి నీళ్ళొస్తున్నాయి. మీట మీద చెయ్యుంది. కానీ ఆ చెయ్యి కదల్లేదు. అప్పుడు?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఏంటి?"

"క్లారీ చెప్పాడా? క్లారీయే కదూ?"

"నేనూరికే..."

"ఊరికే అడిగే మాటా అది? పడవలో నా పక్కన కూర్చుని, ముప్పై ఒక్క ఏళ్ళు నోరు మూసుకున్నవాడు! మొన్న క్రిస్మస్‌కి వచ్చినప్పుడు చెప్పాడా? బీరు ఎక్కువైందా వాడికి?"

"నాన్నా, ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టు."

"నాలుగు సెకన్లు. నాలుగే. అంతకన్నా ఎక్కువని చెప్పి ఉంటే అబద్ధం."

"నీకు చెవి పాడైంది కదా. చెవి వల్లే కదా పడవ దిగింది?"

"నా చెవికేం! నిక్షేపంగా ఉంది."

"నాకెప్పుడూ అనుమానమే. పక్కింటి కుక్క గొలుసు చప్పుడు కూడా వినిపిస్తుంది నీకు."

"ఇంజన్ గదిలో గొట్టం పగిలింది. నీళ్ళు దూకే చప్పుడు మా దాకా వినిపిస్తోంది. గాలి వదిలి తొట్లు ఊదెయ్యమన్నాడు కెప్టెన్. మీట మీద చెయ్యుంది. నాదే. చూస్తున్నాను దాన్ని. ఇంకెవరిదో చెయ్యి చూసినట్టు చూస్తున్నాను. కదలదే! లోతు చూపించే ముల్లు కిందికి పోతూనే ఉంది. క్లారీ నా మీదుగా వాలి లాగాడు."

"అందరూ..."

"అందరూ పైకొచ్చారు. అరవై మందీ. పైన ఫెళ్ళున ఎండ. క్లారీ నా వీపు తట్టి, నలుగురూ వినేలా అన్నాడు, 'భలే లాగావు లిండ్సే' అని. అంతే. కాగితాల్లో నా పేరే రాశారు."

"ముందు గదిలో ఫ్రేము కట్టి ఉన్న ప్రశంసాపత్రం..."

"అదే."

"అమ్మకి తెలుసా?"

"దాన్ని తుడిచేది అమ్మే. ఏమని చెప్పను?"

"తర్వాత ఏం చేశావు?"

"మళ్ళీ అదే మీట దగ్గర కూర్చున్నాను. తొమ్మిది నెలలు. ప్రతిపూటా నా చేతికేసి చూసుకోవడమే పని. మళ్ళీ గొట్టం పగల్లేదు గనక బతికారు వాళ్ళు, నా గొప్ప కాదు. ఆఖరికి చెవి పేరు చెప్పి దిగిపోయాను. ఇదీ మీ నాన్న. పడవెక్కబోయే కూతురికి చెప్పాల్సిన కథేనా ఇది? ఆ క్లారీగాణ్ణి..."

"నాన్నా."

"నువ్వన్నదే సరి. బాతే పెడదాం. ఎవరి చెయ్యీ అక్కర్లేనిదే నయం."

"నాన్నా, క్లారీ అంకుల్ ఏమీ చెప్పలేదు."

"మరి?"

"ఎవరూ చెప్పలేదు. నేనడిగింది నీ చెయ్యి గురించి కాదు."

"ఏమన్నావు?"

"మొన్న గురువారం. అచ్చం పడవలా కదిలే శిక్షణ గదిలో ఆఖరి పరీక్ష. గదంతా ముందుకి ఒరిగిపోతోంది. నిజం నీళ్ళు కూడా కాదు, ఉత్త చప్పుడే. తొట్లు ఊదమన్నారు. మీట మీద నా చెయ్యి కదల్లేదు. పక్కన నాతోపాటు నేర్చుకునే టామ్సిన్ ఉంది. తనే నా మీదుగా చెయ్యి చాపి లాగేసింది. వెనకున్న ఆఫీసరు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు, చూడలేదు. పాసయ్యానని రాశారు. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది టామ్సిన్. మంచిది తను."

"ఎంతసేపు?"

"లెక్కపెట్టలేదు. నాలుగుకన్నా ఎక్కువే."

"ఎల్లుండి నిన్నెక్కడ కూర్చోబెడుతున్నారు?"

"మీట దగ్గరే."

"దేవుడా."

"మొదటిసారి అందరికీ అంతే అను నాన్నా. రెండోసారి కదులుతుందను. నువ్వు తొమ్మిది నెలలు కూర్చున్నావు, ఏమీ కాలేదు కదా? ఏమీ కాలేదు. ఏదో ఒకటి అను, అలా చూడకు."

"నీ ఫోనేది?"

"ఎవరికి? టామ్సిన్‌కా?"

"మీ ఆఫీసరుకి."

"వద్దు నాన్నా, నన్ను తీసేస్తారు..."

"తీసెయ్యొచ్చు. మళ్ళీ నేర్పించనూవచ్చు. ఇలా వచ్చి నా పక్కన కూర్చో. ముందు నా సంగతి ఆయనకి నేను చెప్తాను, తర్వాత నీది నువ్వు చెబుదువుగాని. క్లారీ నాకు చేసిన మేలు నేను నీకు చెయ్యనమ్మా."