అరవై ఒకటో రోజు

ఆఫీసు వదిలాక కారు అల్ అజీజియా వైపు పోతోంది. నడిపేది అరబ్బు దేశంలో కొలువు వదిలి, వచ్చే వారం ఫైనల్ ఎగ్జిట్ మీద కడపకు శాశ్వతంగా వెళ్లిపోతున్న డ్రైవరు. వెనక సీట్లో, ఈమధ్యే ఆన్‌లైన్‌లో లైఫ్ కోచింగ్ కోర్సు ముగించిన ఇంజనీరు.

“భాయ్, ఇంటికెళ్లిన మొదటి రోజు ఊహించుకోండి. కళ్లు మాత్రం మూయకండి.”

“మొదటి దినం బిర్యానీ సార్.”

“నెల తర్వాత?”

“చుట్టాలిండ్లు తిరుగుతాం.”

“రెండో నెల?”

“మా యామె పెట్టె సర్దుతాది. ఊరగాయ కడతాది. అరవయ్యో దినం ఏడుస్తాది.”

“ఈసారి పెట్టె సర్దే పని లేదు కదా. అరవై ఒకటో రోజు ఏమవుతుంది?”

“అదే సార్ నా గుబులు. రెండేండ్లకొకసారి రెండు నెలలే సెలవు. పెండ్లయి ఇరవై రెండేండ్లయినా ఆ దినం మేమిద్దరం ఎప్పుడూ చూడలే.”

“ఆవిడేమంటున్నారు?”

“రిటర్న్ టికెట్ ఎప్పటికి అనింది. లేదని చెప్తే, పగలంతా ఇంట్లో ఏం చేస్తావు అనింది.”

“మార్పు అంటే భయపడకూడదు. రోజూ ఒక గంట మనసు విప్పి మాట్లాడుకోండి.”

“రోజూ గంటనా? మీరూ మేడమూ పదేండ్లుగా ఒకే ఇంట్లో ఉండారు కదా. మీరేం మాట్లాడుకుంటారో చెప్పండి సార్, రాసుకుంటా.”

“ముందు రోడ్డు చూసి నడపండి భాయ్.”

“సార్, ఇల్లొచ్చింది.”

“లైటు వెలుగుతోందా?”

“వెలుగుతాండాది. మేడం కిటికీ కాడే ఉండారు.”

“ఆపకుండా ఇంకో రౌండు తిప్పండి భాయ్. మీ సమస్య ఇంకా తేలలేదు.”