మంచు కాడ

ఎమ్మిగనూరు బస్టాండు వెనక వీధిలో సుమతి ఫొటో స్టూడియో. జనవరి నెల, పొద్దున. లోపల సుమతి, పెద్దకడుబూరు నుంచి వచ్చిన తిరుపాల్.

“షట్టర్ ఎందుకు దించినావన్నా? గిరాకీ వచ్చే వేళ.”

“చలిగాలి కొడతాంది గదక్కా. కూసో. మీ తమ్ముడు ఫొటోలు తియ్యనీకె ప్రతి చలికాలం యాడికో ఒక ఊరికి పోతాడంట గదా. ఈ తూరి ఏ ఊరు?”

“నాకు చెప్పలేదు తిరుపాలన్నా.”

“నా పేరు గుర్తుండాదే!”

“గోడ మీద నీ ఫొటో తగిలించుకొని నీ పేరు మర్చిపోతానా?”

“దాని సంగతి తర్వాత. మారుతి యాడ? మా గౌరి యాడ?”

“గౌరా? ఏ గౌరి?”

“ఏ గౌరా? అక్కా, మర్యాదగా అడుగుతాండా. మా చెల్లెలు పత్తి ఏరను పోతానని పోయింది, మళ్లా ఇంటికి రాలా. అదే దినం నుంచి నీ తమ్ముడు ఫోనెత్తడం ల్యా. నన్ను పట్టుకొని ఏ గౌరి అంటావా?”

“అన్నా, ఆ లెన్సు కింద పెట్టు. అది మెత్తగా పట్టుకోవల్ల, కింద పె... అయ్యో!”

“కింద పెట్టమంటివి, పెట్నా.”

“పగలగొట్టినావు గదప్పా!”

“ఇంకా శానా ఉండాయి బీరువాలో. ఒక్కొక్కటే పెడతా. నువ్వు సెప్పేదాకా పెడతానే ఉంటా.”

“నాకు తెలిస్తే గదా చెప్పేది.”

“మా అమ్మ యినింది. గౌరి ఫోన్లో గుసగుసగా మాట్లాడతాంటే గోడ ఎనకాల నిలబడి యినింది. ‘సరే, మంచు కాడ నిలబడతా, నువ్వొచ్చేదాకా కదలను’ అనిందంట. మంచు కాడ! మన సీమలో మంచు యాడిదక్కా? పత్తికాయల మీద పొద్దున్నే ఉండే తడి తప్ప?”

“మంచు కాడ అనిందా...”

“అదే. ఆ మొగం అట్ల పెడతాండావేమి? తెలుసు గదా నీకు?”

“తెలీదన్నా. మంచు ఉండే ఊర్లు శానా ఉంటాయి. ఏ ఊరని చెప్పేది?”

“దీపావళి నుంచి నువ్వు, నీ తమ్ముడు బల్ల మీదుండే ఈ మ్యాపు ముందర ఏసుకొని ‘ఈడికి పోదామా, ఆడికి పోదామా’ అని కొట్లాడుకుంటాండారని టీ బంకు వాడు సెప్పినాడు. నువ్వే సెప్పు, ఒక్కొక్క ఊరు.”

“లంబసింగి అనుకున్న్యాడు ముందు.”

“అది యాడుంది?”

“విశాఖ దిక్కు. ఆడిది పొగమంచు. పొద్దు పొడిచేటప్పుడు చెట్లలోనుంచి వెలుగు దారాలు దారాలుగా దిగుతాది, మగ్గం మీద పడుగు కట్టినట్ల. ఫొటోకు శానా బాగుంటాది.”

“ఆడికే పోయినారా?”

“లేదు. ఆడ ఒకసారి తీసినాడు. తీసిన ఊరు మళ్లా తీయనక్కా అన్నాడు.”

“ఊటీ?”

“ఆడ గడ్డి మీద తెల్లగా పేరుకుంటాది. ఎండ తగిలితే నీళ్లయిపోతాది. కెమెరా బిగించేలోపల కరిగిపోయేదానికి అంతదూరం ఎందుకని ఒద్దనుకున్న్యాడు.”

“కచ్ కాడ ఎర్రగా సున్న సుట్టినారే ఈడ?”

“అది ఉప్పన్నా. కనుచూపు మేరా తెల్లగుంటాది గాని మంచు కాదు.”

“నన్ను ఊర్లు తిప్పుతాండావు.”

“నువ్వు అడిగితేనే గదా...”

“ఎవురో వస్తారని సూస్తాండావు. ఎడమ సెయ్యి బల్ల మీద పెట్టు.”

“ఏంది?”

“ఎడమ సెయ్యి. కుడి సేతితో నాకు పనుండాది, దాని జోలికి రాను.”

“ఒద్దన్నా. వదులు. అన్నా, నీకు దండం పెడతా, వదులు, వద... అమ్మా! అమ్మా!”

“సిటికెనేలే గదా. అరిస్తే పక్కదాని వంతు.”

“నువ్వు మనిషివేనారా? మనిషి పుట్టుకేనా నీది?”

“మా నాయన మెతుకు ముట్టడం ల్యా. నులకమంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకున్న్యాడు. దొరికితే ఇంటికి తోలుకరావద్దు, ఆన్నే ముగించు అన్నాడు. ఫొటో తీసుకొచ్చి సూపించమన్నాడు. కండ్లతో సూస్తేగాని అన్నం తినడంట. అందుకే నీ కుడి సెయ్యి. నువ్వు నాతోపాటు వస్తాండావు, వాళ్లు ఏ ఊర్లో ఉంటే ఆ ఊరికి. ముందు గౌరి. దాని తర్వాత నీ తమ్ముడు. నువ్వు ఫొటో తియ్యల్ల.”

“నేనా?”

“నువ్వే. మనిషిని ఉన్నట్టే దించుతావంట గదా.”

“సొంత చెల్లెలన్నా! ఒక్క కడుపున పుట్టినోళ్లు!”

“సొంతది గనకనే. బయటిదైతే మగ్గం గుంతలో పుట్టినోనితో పోతే నాకేమి, ఎవునితో పోతే నాకేమి?”

“ఆ గోడ మీది ఫొటో ఒక్కసారి చూడన్నా.”

“సూసినా.”

“కైరుప్పల పిడకల సమరంలో మారుతి తీసినాడు. పిడక తగిలి నీ తల పగిలింది. నువ్వు మళ్లా కొట్లాటలోకి పోతానని నవ్వుతాండావు. ఓణీ చెంగుతో నీ నెత్తురు తుడుస్తా ఏడుస్తాండేది ఎవురు?”

“ఆ దినమే గదా వాడు దాన్ని సూసింది.”

“ఎవురని అడుగుతాండా.”

“మూసుకో.”

“నీ నెత్తురు చూసి ఏడ్చిన పిల్ల నెత్తురు నువ్వు...”

“మూసుకోమంటి గదా! ఇదో! ఇదో! పోయింది. అద్దం పోయింది, బొమ్మ పోయింది. ఇంక సూపించు, ఏం సూపిస్తావో!”

“అద్దం గుచ్చుకుందన్నా నీకు. అరచెయ్యంతా నెత్తురు.”

“కారనీ. తుడిసేదానికి ఇప్పుడు ఎవురూ లేరులే నాకు. ఆ మూలకు కట్టిన తెల్లగుడ్డ ఏంది?”

“ఆధార్‌కు, పాస్‌పోర్టుకు ఫొటోలు తీసే గుడ్డ.”

“దాని ఎనకాల?”

“గోడ. ఏముంటాది?”

“దానికే తుడుసుకుంటా సెయ్యి.”

“ఒద్దు!”

“ఏమి?”

“గుల్మార్గ్!”

“ఏంది?”

“గుల్మార్గ్ పోయినారు. కాశ్మీరు. వెనక్కి రా అన్నా, చెప్తా. ఈడ కూసో, అంతా చెప్తా.”

“ఏలు విరిసినా సెప్పనిదానివి, గుడ్డకు సెయ్యి తుడుసుకుంటానంటే సెప్పినావేమి?”

“మా అమ్మ కడాఖరున నేసిన గుడ్డన్నా అది. దాన్ని మగ్గం మీద నుంచి కోసి దించేసరికి ఆమె లేదు. ఏళ్లు విరుచుకో, లెన్సులు పగలగొట్టుకో. దానికి మాత్రం నెత్తురు అంటించొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా.”

“ఏడవద్దు. మీ జాతికి పాణం కంటే గుడ్డే ఎక్కువ. సరే, సెప్పు.”

“గుంతకల్లులో రైలెక్కినారు. ఢిల్లీ పోయి, ఆన్నుంచి కాశ్మీరుకు. ఆడ ఇప్పుడు మోకాటి దాకా మంచుంటాది. ఇండ్లు, చెట్లు, అన్నీ తెలుపే. ఎర్రచీర కట్టుకొని ఒక మనిషి నిలబడితే చాలు, ఇంకేం ఒద్దు ఫొటోకు అని మారుతి ఎప్పుడూ అంటాంటాడు.”

“గౌరికి ఎర్రచీర ఉంది. మొన్న శ్రావణంలో, ఉరుకుంద తిరునాళ్లలో నేనే తెచ్చిచ్చినా.”

“ఎర్రచీర ఎవురికైనా ఉంటాదన్నా.”

“పెండ్లి సేసుకున్న్యారా?”

“లేదు. లేదన్నా. ఆడికి పోయినాక చేసుకుంటారంట.”

“నా మీద ఒట్టేసి సెప్పు.”

“నీ మీద ఒట్టు. ఇంకా కాలేదు.”

“కాలికి మెట్టెలు పడకముందే పట్టుకుంటే మా ఇంటిపిల్లగానే పోతాది. ఇంకొకని పెండ్లాంగా పోతే ఆ పాపం, ఆ అవమానం... ఉండు, ఫోన్ సేస్తా. కదలద్దు. నాయనా, నేను, తిరుపాల్ని. దొరికింది. కాశ్మీరు. ఆ, మంచే. అమ్మ యినింది కరెక్టే. ఆదోని స్టేషన్ కాడ కాపలా ఉండే మాదన్నోళ్లను ఇంటికి రమ్మను. ఎమ్మిగనూరు బస్టాండులో ఉచ్చీరప్ప వాళ్లను గూడా లేసి రమ్మను, ఈ సుట్టుపక్కల వీండ్లు లేరు. కాదు నాయనా, పోలా ఇంకా, పోతాండా. నువ్వు రెండు మెతుకులన్నా తిను. తెస్తాను నాయనా. ఫొటో తెస్తాను. ఏడవద్దు.”

“పోదాం పదన్నా.”

“తొందరపడతాండావే?”

“ఏలు లాగుతాంది. దారిలో కట్టు కట్టించు. ఈ కెమెరా తీసుకుంటా. పద.”

“చలిబట్టలు తెచ్చుకోవా?”

“దారిలో కొనుక్కుంటా. షట్టర్ ఎత్తు, పోదాం.”

“ఎత్తుతాండా. బయటెవురన్నా అడిగితే బల్ల కింద ఏలు నలిగిందని సెప్పు. నడుంలో కొడవలుండాది, మర్చిపోవద్దు.”

“మర్చిపోను.”

“అమ్మా సుమతమ్మా! ఎంతసేపు నిలబెడ్తివమ్మా బయట! పొద్దున్నే షట్టర్ దించుకొంటివేమి?”

“దానమ్మవ్వా, ఈరోజు స్టూడియో లేదు. పో.”

“లేకపోవడమేందే? లోపలే ఉండావు, సేతిలో కెమెరా ఉండాది. నేను ఒక్క ఫొటో దిగిపోతా. మా మనవరాలు దీపకు తీసినావే, మంచు కాడ నిలబెట్టి, అట్లాంటిది నాకూ తియ్యి.”

“రేపు తీస్తా అవ్వా. పో, పోవే!”

“ఆగక్కా. అవ్వా, ఏ మంచు కాడ?”

“వీండ్ల నాయన రంగులేసిన పరదా నాయనా, మంచుకొండలది. ఆ తెల్లగుడ్డ ఎనకాల యాలాడదీసి ఉంటాది. ఈ ఊర్లో అందరూ దాన్ని మంచు అనే అంటారు. తాజ్‌మహల్ ఉన్న్యాది, తోట ఉన్న్యాది, అవి సినిగిపోయినాయి. ఇంక మంచు ఒక్కటే ఉండేది.”

“అవ్వా, నోరు మూసుకొని బయటికి నడువు! అన్నా, ముసలిదానికి చాదస్తం, నువ్వు పద, పోదాం, అన్నా...”

“సెయ్యి వదులక్కా.”

“అట్ల కసురుకుంటావేమమ్మా? మోకాళ్లు పట్టేసినాయి, రవ్వంతసేపు కింద కూసుంటా ఉండు. అబ్బా... సివా. అదేంది సుమతమ్మా, స్టూడియో లేదంటివి, మంచు కాడ ముందే ఎవురో నిలబడుండారే! గుడ్డ కింద కాళ్లు కనపడతాండాయి. ఎర్రచీర, కొత్త మెట్టెలు, పసుపు గూడా ఆరలా. పెండ్లికూతురా? సరేలే, ముందు ఆ పిల్లకే తియ్యమ్మా ఫొటో. నాకేం తొందర ల్యా.”